మెక్‌లెమోర్ వీధిలో సినిమాహాలు

మెంఫిస్ వెళ్లినవాళ్లు ముందుగా ఎల్విస్ ప్రెస్లీ బంగళా చూస్తారు. మేమూ చూశాం. అందులో ఒక గదిలో నేలకే కాదు, పైకప్పుకు కూడా ఆకుపచ్చని తివాచీ అంటించి వుంది. పైనున్న తివాచీని ఎలా దులుపుతారా అని నేను ఆలోచిస్తూండగానే వెనకాల జనం తోసుకువచ్చారు, బయటపడ్డాం. ఆ బంగళాను గురించి ఇంతకన్న నేను చెప్పగలిగింది లేదు. నేను రాయదలుచుకున్నది అదే వూళ్లో మరో పేటలో వున్న ఒక సినిమాహాలును గురించి. సినిమాహాలు అన్నానే గాని అక్కడ సినిమా ఆడి అరవై ఏళ్లు దాటింది. అసలు ఆ హాలే లేదు. పడగొట్టేశారు. పడగొట్టిన చోటనే మళ్లీ అలాంటిది కట్టారు. ఎందుకు కట్టారో చెప్పాలంటే ఒక పాటల రికార్డును గురించి చెప్పాలి. దానికంటె ముందు మా తమ్ముణ్ణి గురించి, వాడి కూతుర్ని గురించి రెండు మాటలు చెప్పాలి.

మా తమ్ముడు మెంఫిస్‌లో ఒక పార్సెళ్ల కంపెనీలో కంప్యూటరు వుద్యోగం చేస్తున్నాడు. పన్నెండేళ్లుగా రమ్మంటున్నాడు. పరీక్ష పేపర్లు దిద్దడమో, ఇంట్లో పెళ్లిళ్లో, నాన్నగారి కళ్ల ఆపరేషనో ఏదో ఒకటి అడ్డం వస్తూనే వుంది. చివరికి కిందటి వేసవి సెలవుల్లో ధైర్యం చేసి, ఆవకాయ సీసాలకు మూడు పొరల ప్లాస్టిక్ సంచులు కట్టుకుని విమానం ఎక్కాను.

మెంఫిస్ అన్నది ఈజిప్టులో నైలునది పక్కనున్న పూర్వపు రాజధాని పేరు. ఆ పేరు తెచ్చి 1819లో మిసిసిపీ నది పక్కన వెలసిన యీ వూరికి పెట్టుకున్నారు. పత్తి వ్యాపారంతో పెరిగిన వూరు. నది గట్టు మీద నిలబడి తమ్ముడు, “అక్కా, ఇక్కణ్ణించే పత్తి బేళ్లు ఓడలెక్కేవి” అంటే నాకు గుంటూరు గుర్తుకు వచ్చింది. ఎండ కూడా గుంటూరు ఎండే; ఉక్కపోత మాత్రం బందరుది. అయితే మన పత్తి చేలల్లో దిగేది కూలివాళ్లు. ఇక్కడి చేలల్లో దిగింది కొనుక్కు తెచ్చిన మనుషులు. వాళ్లకు విడుదల వచ్చిన తరవాత కూడా వాళ్ల బిడ్డలు అవే చేలల్లో పత్తి తీశారు, ఆదివారం నాడు చర్చిలో గొంతెత్తి పాడారు, శనివారం రాత్రి సారా దుకాణాల్లో గిటారు పట్టుకుని ఏడ్చారు. ఆదివారపు గొంతూ శనివారపు కన్నీరూ కలిస్తే వచ్చినదాన్ని సోల్ సంగీతం అన్నారు. సోల్ అంటే ఆత్మ. అందులో తాళానిది పైచెయ్యి అయి, మిగతావన్నీ దాని చుట్టూ తిరగడం మొదలుపెడితే ఫంక్ అన్నారు. ఇది నాకు తమ్ముడు కారులో చెప్పిన పాఠం. తెలుగు ఎమ్.ఎ.లో ఇది లేదు.

ఇక మేనకోడలు. ఆ పిల్లకు పన్నెండేళ్లు. స్కూలు బ్యాండులో ట్రంపెట్ వూదుతుంది. వూదుతుంది అనేకంటె, వూదనని మొరాయిస్తున్నది అనాలి. బ్యాండులో మూడు వరసల ట్రంపెట్లు వుంటాయట. మొదటి వరసవాళ్లకు పాట వస్తుంది. రెండో వరసవాళ్లకు పాటలో కొంత వస్తుంది. మూడో వరసవాళ్లకు నాలుగు స్వరాలు. వాటినే మళ్లీ మళ్లీ వూదాలి. మా పిల్ల మూడో వరసలో వుంది.

“అత్తా, నేను వూదకపోయినా ఎవరికీ తెలీదు. పోయినసారి కచేరీలో నిజంగానే వూదలేదు. ఎవ్వరూ కనిపెట్టలేదు” అంది నేను వెళ్లిన మర్నాడే, గొప్ప రహస్యం చెప్తున్నట్టు.

సెలవుల తరవాత బ్యాండు మానేస్తానంటుంది. వాళ్లమ్మ వద్దంటుంది. వాళ్ల నాన్న ఏ మాటా అనడు. సెలవుల్లో వూళ్లో సంగీతానికి సంబంధించిన చోటు ఒకటి చూసి వచ్చి ఒక పేజీ రాయమని బ్యాండు మేష్టారు చెప్పి పంపారట. ఎల్విస్ బంగళాను గురించి క్లాసులో సగం మంది రాస్తారు కనక తాను వేరేది రాస్తానంది. అలా మేము ఆ శనివారం ఉదయం మెక్‌లెమోర్ ఎవెన్యూకు బయలుదేరాం.

కారులో తమ్ముడు “ఓటిస్ బ్లూ” అనే రికార్డు పెట్టాడు. 1965లో వచ్చినది. పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. పదకొండు పాటలు, మొత్తం అరగంట పైచిలుకు. మొదటిసారి వినగానే నాకు కలిగిన అభిప్రాయం నిజాయితీగా చెప్తాను: ఈయన గొంతు బొంగురు, అరుస్తున్నాడు, పాట అయిపోయిందనుకున్న తరవాత కూడా వదిలిపెట్టడం లేదు. రెండో పాటకు వచ్చేసరికి, ఆ అరుపు వెనక ఎవరో ఆయన్ను పట్టుకుని నిలబెడుతున్నారని తోచింది. ఆయన ఎంత దూరం వెళ్లినా వాళ్లు తాపీగా, ఒక్క స్వరం ఎక్కువ కాకుండా, వున్నచోటనే వున్నారు.

నాకు యీ సంగతి పట్టుబడటానికి కారణం వుంది. మా నాన్నగారు తెనాలిలో బియ్యం మిల్లులో గుమాస్తాగా పనిచేస్తూ రాత్రిళ్లు నాటక సమాజాలకు తబలా వాయించేవారు. మాది తబలా కొంప. హరిశ్చంద్ర, తులాభారం, రామాంజనేయ యుద్ధం పద్యాలన్నీ మేము స్టేజీ పక్కన చాప మీద పడుకుని నేర్చుకున్నవే. గులాబీరంగు కరపత్రాల మీద కృష్ణుడెవరో, అర్జునుడెవరో పెద్ద అక్షరాలతో వేసేవారు. అడుగున “హార్మోనియం ఫలానావారు, తబలా వగైరా” అని వుండేది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ఆ “వగైరా” మీద వేలు పెట్టి, ఇదే నాన్నగారి పేరు అని చెప్పుకునేవాళ్లం. ఒకసారి ఒక సమాజంవారు మూడు నాటకాలకు డబ్బు ఎగ్గొట్టారు. అమ్మ అడగమని పోరితే నాన్నగారు, “ఎవరి పేరు చెప్పి అడగనే? నా పేరు వాళ్ల కాయితంలో లేదుగా” అన్నారు. అప్పుడు మేమంతా నవ్వాము. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

మెక్‌లెమోర్ పెద్ద వీధి కాదు. రెండు పక్కలా చిన్న చిన్న ఇళ్లు, కొన్ని ఖాళీ స్థలాలు, చర్చిలు. అక్కడికి దగ్గరలోనే లూసీ ఎవెన్యూ అనే వీధిలో అరీతా ఫ్రాంక్లిన్ పుట్టిన చిన్న చెక్క ఇల్లు వుంది. 926వ నంబరు దగ్గర కారు ఆగింది. ఎదురుగా, పాతకాలపు సినిమాహాలుకు వుండేలాంటి చూరు ముందుకు వచ్చి, దాని మీద పెద్ద అక్షరాలతో “సోల్స్‌విల్ యు.ఎస్.ఎ.” అని వుంది. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే కంపెనీవారు తమ ఇంటికి హిట్స్‌విల్ అని పేరు పెట్టుకుంటే, దానికి పోటీగా పెట్టుకున్న పేరిది.

ఈ స్థలంలో కాపిటల్ అనే సినిమాహాలు వుండేది. పేటలోని తెల్లవారు ఒక్కొక్కరే ఇళ్లమ్ముకుని వెళ్లిపోతూ, నల్లవారు వచ్చి చేరుతున్న రోజుల్లో హాలు మూతబడింది. 1960లో దాన్ని నెలకు 150 డాలర్లకు అద్దెకు తీసుకున్నవాడు జిమ్ స్టూవర్ట్. పగలు బ్యాంకు వుద్యోగం, సాయంకాలం పల్లెపాటలకు ఫిడేలు. ఆయన అక్కగారు ఎస్టెల్ ఆక్స్‌టన్ బడిపంతులమ్మగా పనిచేసి బ్యాంకులో చేరినావిడ. తమ్ముడికి రికార్డింగు యంత్రం కావాలంటే ఆవిడ తన ఇల్లు తాకట్టు పెట్టింది. వాళ్లాయన ఏమన్నాడో గాని, అక్కలందరి తరఫునా నేను ఆవిడ ఫోటో ముందు కాసేపు నిలబడ్డాను. ఇద్దరి ఇంటిపేర్లలోంచి రెండేసి అక్షరాలు తీసి కలిపి 1961లో కంపెనీకి స్టాక్స్ అని పేరు పెట్టారు.

హాల్లో కుర్చీలు పీకేశారు. తెర వుండే వేదిక మీద రికార్డింగు యంత్రాల గది కట్టారు. గోడలకు తెరలు వేలాడదీశారు. నేల మాత్రం అలాగే వుండిపోయింది. సినిమాహాలు నేల వెనకనుంచి ముందుకు వాలుగా వుంటుంది గదా! దాన్ని చదును చేయించడానికి డబ్బు లేదు. బయట సోడాలూ మిఠాయిలూ అమ్మే గదిలో ఎస్టెల్ రికార్డుల దుకాణం పెట్టింది. లోపల వాయించిన పాటను అదే రోజు దుకాణంలో పెట్టి, పేటలోని పిల్లలు కాలు కదుపుతున్నారా లేదా అని చూసేదట. కదపకపోతే లోపలికి కబురు. మా పత్రికల సంపాదకులకు అలాంటి దుకాణం ఒకటి వుంటే ఎంత బాగుండును!

ఆ వాలు నేల మీద కూర్చుని వాయించిన నలుగురి పేర్లు చెప్తాను. ఆర్గన్ ముందు బుకర్ టి. జోన్స్, డ్రమ్ముల వెనక ఆల్ జాక్సన్. వీరిద్దరూ నల్లవారు. గిటారు స్టీవ్ క్రాపర్, బేసు గిటారు డోనాల్డ్ డన్. వీరిద్దరూ తెల్లవారు. డన్‌ను అందరూ బాతు అని పిలిచేవారట. వీరు కాక ట్రంపెట్ వూదే వేన్ జాక్సన్ తెల్లవాడు, శాక్సఫోన్ వూదే ఆండ్రూ లవ్ నల్లవాడు. ఈ రంగుల లెక్క నాకూ నచ్చదు గాని ఆ వూళ్లో ఆ రోజుల్లో అది చెప్పకపోతే కథ అర్థం కాదు. లోపల ఒకే గదిలో రోజంతా కలిసి వాయించినవారు, 1960 తొలి సంవత్సరాల్లో వీధిలోకి వస్తే వూళ్లోని చాలా హోటళ్లలో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే వీలు లేదు. వాళ్లు కలిసి కూర్చోగలిగిన చోటు నల్లవారిది ఒకటి వుండేది. లొరేన్ అనే బస. అక్కడ భోజనం వుండేది, ఈత కొట్టడానికి కొలనుండేది. ఎండాకాలం హాల్లో వుడికిపోయి వచ్చి ఆ గదుల్లో కూర్చుని పాటలు కట్టేవారు.

ఓటిస్ రెడ్డింగ్ యీ హాలుకు మొదట 1962లో వచ్చాడు. పాటగాడిగా కాదు, కారు డ్రైవరుగా. జార్జియా రాష్ట్రంలో మేకన్ అనే వూరినుంచి జానీ జెంకిన్స్ అనే గిటారు విద్వాంసుణ్ణి తీసుకువచ్చాడు. ఆయన సామాను దింపాడు, లోపల పెట్టాడు, మూలన కూర్చున్నాడు. జెంకిన్స్ రికార్డింగు సరిగ్గా కుదరలేదు. పొద్దుపోతున్నది. ఆ డ్రైవరబ్బాయి పొద్దుటినుంచీ తానూ పాడతానంటున్నాడు, ఒక్కసారి వినండి అని ఎవరో అన్నారు. ఆర్గన్ వాయించేవాడు అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. స్టీవ్ క్రాపరే పియానో ముందు కూర్చున్నాడు. ఓటిస్ పాడాడు. అంతే, ఆ తరవాత సామాను మోసే పని తప్పింది.

ఆయనకు స్వరం రాయడం రాదు. పాట వరస గిటారు మీద కొద్దిగా వాయించి, ట్రంపెట్లు, శాక్సఫోన్లు వూదేవారి దగ్గరకు వెళ్లి ఒక్కొక్కరి చెవిలో వాళ్లు వూదవలసింది నోటితో పాడి వినిపించేవాడట. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మా నాన్నగారు కొత్త హార్మోనిస్టుకు నడక చెప్పవలసి వస్తే “ధా ధిన్ ధిన్ ధా” అని చెవిలో అనేవారు. స్టాక్స్‌లో పక్కన “ఊ” కొట్టే గాయనీమణులు సాధారణంగా వుండరు. ఓటిస్ పాడిన మాటకు బదులు పలికేది యీ వూదే వాద్యాలే. అందుకే అవి వాద్యాల్లాగా కాక మాట్లాడుతున్నట్టు వినిపిస్తాయి.

1965 జులై 9, శుక్రవారం ఉదయం యీ రికార్డుకు కూర్చున్నారు. న్యూయార్క్ నుంచి టామ్ డౌడ్ అనే ఇంజనీరు వచ్చాడు. ఆయన చిన్నతనంలో అణుబాంబు తయారుచేసే పరిశోధనలో పనిచేసి, దాన్ని వదిలి పాటల్లోకి వచ్చినవాడు. లోకానికి మేలే జరిగింది. అప్పుడు బుకర్ టి. దూరాన ఇండియానా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మధ్య మధ్య వచ్చి వాయించేవాడు కనక, ఐజాక్ హేస్ అనే కుర్రవాడు కూడా పియానోకు వున్నాడు. శుక్రవారం రాత్రి పని ఆపారు. కారణం చెప్తే మీరు నమ్మరు. పక్కవాద్యాలవారికి ఆ రాత్రి వూళ్లో క్లబ్బుల్లో కచేరీలున్నాయి! వెళ్లి వాయించి, డబ్బు పుచ్చుకుని, అర్ధరాత్రి దాటాక మళ్లీ వచ్చి కూర్చున్నారు. శనివారం నాటికి దాదాపు రికార్డంతా పూర్తి. ఇరవైనాలుగు గంటల పని.

తయారుగా వున్న పాటలు చాలలేదు. మూడు పాటలు శామ్ కుక్‌వి. ఓటిస్ గురువుగా భావించుకున్న గాయకుడాయన. ఏడు నెలల కిందటే, 1964 డిసెంబరులో, తుపాకీ దెబ్బకు పోయాడు. ఇంకొకటి ఇంగ్లండునుంచి వచ్చిన రోలింగ్ స్టోన్స్ పాట. ఆ వేసవిలో దేశమంతా మోగుతున్నది. స్టీవ్ క్రాపర్ సలహా అది. బయట ఎస్టెల్ గారి దుకాణంలోనుంచి రికార్డు తెప్పించుకుని విన్నారు. ఇంగ్లీషు కుర్రవాళ్లు గిటారు మీద వాయించిన పల్లవిని వీళ్లు ట్రంపెట్లకు ఇచ్చేశారు. ఓటిస్ తాను స్వయంగా కట్టినది “రెస్పెక్ట్”. అంటే మర్యాద. కష్టపడి ఇంటికి వచ్చిన మగవాడు ఆడదాన్ని మర్యాద అడిగే పాట. రెండేళ్లలో అరీతా ఫ్రాంక్లిన్ దాన్ని తిరగేసి ఆడదాని నోట పెట్టింది. ఇప్పుడు లోకానికి తెలిసింది ఆవిడ పాటే. మంచి పాటకు సొంతదారు ఎవరో చెప్పడం కష్టం.

ఇక ఆ దెబ్బ సంగతి. రెండు నెలల ముందు, మే నెలలో, విల్సన్ పికెట్ అనే గాయకుడు ఇదే హాల్లో ఒక పాట పాడుతూండగా న్యూయార్క్ కంపెనీ పెద్ద జెర్రీ వెక్స్‌లర్ పైగదిలోనుంచి దిగి వచ్చి, “ఇప్పటి కుర్రవాళ్లు ఇలా ఆడుతున్నారు, దెబ్బ ఇక్కడ పడాలి” అని స్వయంగా గంతులు వేసి చూపించాడట. ఏభైకి దగ్గరపడుతున్న పెద్దమనిషి! ఆల్ జాక్సనూ, క్రాపరూ చూశారు. నవ్వుకున్నారో లేదో గాని, ఆనాటినుంచి రెండో మాత్ర, నాలుగో మాత్ర దగ్గర పడవలసిన దెబ్బను ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వెయ్యసాగారు. తప్పు అనిపించదు. పాట వెనక్కి వాలి కూర్చున్నట్టు వుంటుంది. వాలు నేల మీద వాయించడంవల్ల అలా వచ్చిందేమోనని నా సొంత అనుమానం. సంగీతం తెలిసినవారు నవ్వితే నవ్వవచ్చు.

సెప్టెంబరులో రికార్డు బజారుకు వచ్చింది. అట్ట మీద ఎవరి బొమ్మ వుందనుకున్నారు? ఓటిస్‌ది కాదు. బంగారు జుట్టుతో వెనక్కి తల వాల్చిన తెల్లపిల్ల ముఖం. నల్లవారి పాటల్ని తెల్లవారి ఇళ్లలోకి పంపడానికి అలాంటి అట్టలు వెయ్యడం ఆ రోజుల్లో మామూలే. మా మేనకోడలు మ్యూజియంలో దాన్ని చూసి, “ఈవిడ ఏం పాడింది?” అని అడిగింది. ఏమీ పాడలేదమ్మా అంటే, నాకేసి అనుమానంగా చూసింది.

మ్యూజియం మొదట్లోనే ఒక చిన్న చర్చి వుంది. మిసిసిపీ పల్లెలో వంద ఏళ్ల నాడు కట్టిన చెక్క చర్చిని పలకపలకా విప్పి తెచ్చి లోపల నిలబెట్టారు. అరిగిపోయిన బల్లలు. వాటి మీద కూర్చుంటే, ఆ అరుపు ఎక్కణ్ణించి పుట్టిందో ఎవరూ చెప్పనక్కరలేదు. మరోచోట ఐజాక్ హేస్ కారు గుండ్రంగా తిరుగుతూ వుంటుంది: బంగారు పూత, లోపల బొచ్చు పరుపు. పియానో పక్కన కూర్చున్న కుర్రవాడు తరవాత ఎంతవాడయ్యాడో దాన్ని చూస్తే తెలుస్తుంది. జనమంతా దాని చుట్టూనే మూగారు. మేము తొందరగానే దాటి అసలు గదికి వచ్చాం.

వాలు గది. డ్రమ్ములు, ఆర్గన్, గిటారు, మైకులు, ఎక్కడివక్కడ పెట్టి వున్నాయి. అడుగు పెట్టగానే మడమకు తెలుస్తుంది వాలు. మేనకోడలు పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి నడిచింది.

“ఇది నిజం గదేనా?”

“కాదమ్మా. నిజం గది పడగొట్టేశారు” అన్నాడు తమ్ముడు.

“మరి వాలు ఎందుకు పెట్టారు? కొత్తగా కట్టేప్పుడు తిన్నగా కట్టచ్చుగా?”

తమ్ముడు నాకేసి చూశాడు. నేను వాడికేసి చూశాను. అప్పుడు చేతిలో డబ్బు లేక వదిలేసిన వాలు. ఇప్పుడు డబ్బు ఖర్చుపెట్టి కొలతలు చూసి కట్టిన వాలు. పన్నెండేళ్ల పిల్లకు ఇది ఎలా చెప్పాలి?

పడగొట్టిన కథ క్లుప్తంగా చెప్తాను. అది చెప్పడానికి నాకు హుషారు లేదు. 1967 డిసెంబరు 10న ఓటిస్ ఎక్కిన చిన్న విమానం విస్కాన్సిన్ రాష్ట్రంలో మేడిసన్ పక్కన, చలికి గడ్డకట్టుకుపోతున్న సరస్సులో పడింది. ఆయనకు ఇరవై ఆరేళ్లు. ఆయనతో బార్‌-కేస్ అనే పక్కవాద్యం కుర్రవాళ్లు వున్నారు. మెంఫిస్ హైస్కూలునుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలు. నలుగురు పోయారు. ట్రంపెట్ వూదే బెన్ కాలీ ఒక్కడే సీటు దిండు పట్టుకుని తేలి బతికాడు. ఇంకొక కుర్రవాడు, జేమ్స్ అలెగ్జాండర్, విమానంలో చోటు చాలక వేరే విమానంలో వెళ్లడంవల్ల మిగిలాడు. ఓటిస్ చివరగా పాడిన పాట, సముద్రపు రేవులో కూర్చున్న మనిషి పాట, ఆయన పోయిన తరవాత దేశంలో మొదటి స్థానానికి వచ్చింది.

నాలుగు నెలలు తిరక్కముందే, 1968 ఏప్రిల్ 4న, పారిశుధ్య పనివారి సమ్మెకు అండగా మెంఫిస్ వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. ఎక్కడ? ఆ లొరేన్ బసలోనే, 306వ గది ముందు వసారాలో. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చుని పాటలు కట్టుకున్న చోటు వూళ్లో అదొక్కటే అనుకుంటే, అదీ అలా అయింది. ఐజాక్ హేస్ ఏడాదిపాటు ఒక్క పాట కూడా కట్టలేకపోయానని చెప్పుకున్నాడు. హాల్లో మనుషులు అవే, వాద్యాలు అవే. మాటలు మాత్రం ఆచితూచి అనడం మొదలైంది. అదే ఏడు కంపెనీకి మరో సంగతి తెలిసింది. ఎప్పుడో సంతకం పెట్టిన ఒప్పందంలో చదవని వాక్యం ఒకటి వుంది. దాని ప్రకారం అప్పటిదాకా వాళ్లు తయారుచేసిన రికార్డుల అసలు ప్రతులు, ఓటిస్‌వి కూడా, న్యూయార్క్ అట్లాంటిక్ కంపెనీ సొత్తు. సంతకం పెట్టేముందు చదవండి అని మేము విద్యార్థులకు చెప్తూనే వుంటాం.

తరవాత కొన్నేళ్లు బాగానే నడిచి, 1975 డిసెంబరులో అప్పులవాళ్లు తాళం వేశారు. హాలు ఒక చర్చివారికి పది డాలర్లకు చేరింది. 1989లో పడగొట్టారు. పద్నాలుగేళ్లు ఖాళీస్థలం. అటు తరవాత 2003లో యీ కొత్త పాత హాలు. ఇదే వూళ్లో మరో పాత సినిమాహాలులో, అక్కడా వాలు నేలే, రాయల్ అనే స్టూడియో వుంది; ఆల్ గ్రీన్ పాడినది అక్కడే. దాన్ని ఎవరూ పడగొట్టలేదు. దానికి మ్యూజియం అవసరమూ రాలేదు.

మేము బయటికి వచ్చేసరికి పక్క భవనంలోనుంచి వాద్యాలు వినిపించాయి. అది 2000లో మొదలుపెట్టిన సంగీతపాఠశాల. ఆ పేటలోని పిల్లలకు నేర్పుతారు. ఎవరో కుర్రవాడు ఒకే ముక్క పదిసార్లు వూదుతున్నాడు. నాలుగు స్వరాలు. తప్పుతున్నాడు, మళ్లీ మొదలు. మా పిల్ల చూరు కింద నీడలో నిలబడి వింది. కారు ఎక్కమన్నా ఎక్కలేదు. పదకొండోసారి కుదిరింది. అప్పుడు ఎక్కింది.

దారిలో తమ్ముడు మళ్లీ అదే రికార్డు పెట్టాడు.

“ట్రంపెట్లు తీసేస్తే ఎలా వుంటుంది నాన్నా?” అంది వెనక సీట్లోనుంచి.

“తియ్యడానికి వీల్లేదే. అంతా కలిపి ఒకేసారి వాయించినది.”

పిల్ల మరేమీ అడగలేదు. ఆ రాత్రి ఒక పేజీ రాసింది, నాకు చూపించలేదు. సెలవుల తరవాత బ్యాండులో వుందా, మానేసిందా అని పాఠకులు అడగవచ్చు. వుంది. మూడో వరసలోనే.

నేను తెనాలి వచ్చిన మరుసటి వారం నాన్నగారికి ఫోనులో ఆ రికార్డు వినిపించాను. ఎనభై ఏళ్లు దాటినా చెవి బాగానే పనిచేస్తుంది. పడక కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. గొంతును గురించి ఏమీ అనలేదు. కొంతసేపటికి కుడిచేతి వేళ్లు కుర్చీ చెక్క మీద కదిలాయి. ఒక దెబ్బ వేశారు. పాటలో దెబ్బ ఆ తరవాత పడింది. మళ్లీ వేశారు, మళ్లీ ముందే పడింది. కళ్లు తెరిచారు.

“వీడు ఆగుతున్నాడు” అన్నారు. “కావాలనే ఆగుతున్నాడు. ఎవరే?”

“ఆల్ జాక్సన్ అని, నాన్నా.”

“ఆల్ జాక్సన్” అని రెండుసార్లు అనుకుని, “మొదటినుంచీ పెట్టు” అన్నారు.